సినగాగ్‌కీ మసీదుకీ మధ్య మాటలు మళ్లీ మొదలవ్వాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఉత్తర మాంచెస్టర్‌లో ఉంటున్నారు, మీ వీధుల నివాసుల సంఘానికి కార్యదర్శి. నడిచి వెళ్లేంత దూరంలో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనాలయం ఉంది, మసీదూ ఉంది. 2023 అక్టోబర్‌లో ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి, ఆ వెంటనే గాజా యుద్ధం మొదలయ్యాక రెండు వైపులా పలకరింపులు తగ్గాయి. 2025 అక్టోబర్ 2న, యూదులకు అతి పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజున, క్రంప్సాల్‌లోని హీటన్ పార్క్ సినగాగ్ మీద దాడి జరిగి ఇద్దరు చనిపోయాక భయం ఇంకా పెరిగింది. మీరు మంచి ఉద్దేశంతో ‘శాంతి కోసం చర్చ’ అని ఒక సాయంత్రం ఏర్పాటు చేస్తే ఒక వైపు నుంచి ఇద్దరే వచ్చారు, వాళ్లూ మధ్యలో లేచి వెళ్లిపోయారు. ఇప్పుడేం చెయ్యాలి, ఇజ్రాయెల్–పాలస్తీనా మాట అసలు ఎత్తకూడదా, హిందువులమైన మనం ఇందులో తల దూర్చవచ్చా, మన దేశంలో దీనికి ఉదాహరణ ఉందా, మీ తెలుగు సంఘం హాల్ వాడుకోవచ్చా అని అడిగారు.

నేను లండన్‌లో ఒక బరో కౌన్సిల్‌లో, అంటే స్థానిక పాలక సంస్థలో, చాలా ఏళ్లు ఇదే పని చేశాను. యూదు మతగురువులైన రబ్బీలతో, ఇమామ్‌లతో, అంతకన్నా ఎక్కువగా మసీదు కమిటీల కోశాధికారులతో, సినగాగ్ ఆఫీసు నడిపే ఆడవాళ్లతో కూర్చున్నాను. నాకు తేలిందేమిటంటే, చర్చకు పిలిస్తే రారు, పని ఉంటే వస్తారు. వచ్చినవాళ్లు ఆ పని పూర్తయ్యేదాకా ఒకరి ఫోన్ ఒకరు ఎత్తుతారు. కాబట్టి ‘శాంతి’ అనే మాటను మీ పోస్టర్ మీంచి తీసేసి, రెండు వర్గాలకూ ఒకే కిటికీ దగ్గర ఆగిపోయిన ఫైల్ ఏదో వెతకండి. తప్పకుండా ఒకటి ఉంటుంది.

ఉదాహరణకి చావు. యూదులూ ముస్లింలూ ఇద్దరూ శవాన్ని ఖననమే చేస్తారు, అదీ వీలైనంత త్వరగా, కుదిరితే ఒక రోజులోపే. పోస్ట్‌మార్టం అంటే ఇద్దరికీ ఇబ్బందే. 2017 అక్టోబర్‌లో ఉత్తర లండన్ లోపలి ప్రాంతానికి సీనియర్ కరోనర్‌గా, అంటే కారణం తెలియని మరణాలను విచారించే అధికారిగా ఉన్నవారు ఒక నియమం పెట్టారు: మృతుడి మతం కారణంగా ఏ కేసునూ ముందుకు జరపం, వచ్చిన వరసలోనే చూస్తాం అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ పరిధిలో హాక్నీ యూదులున్నారు, టవర్ హామ్లెట్స్ బంగ్లాదేశీ ముస్లింలున్నారు. తండ్రి శవం మార్చురీలో ఉండగా రోజులు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది రెండు వర్గాలకీ. ఒక యూదు ఖనన సంఘం హైకోర్టుకు వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో కోర్టు ఆ నియమం చట్టవిరుద్ధమని కొట్టేసింది. మతం ఉన్నవాళ్లకి ఎప్పుడూ ముందు వరస ఇవ్వాలని కోర్టు అనలేదు. మతపరమైన కారణాన్ని అసలు చూడనే చూడం అనడం మాత్రం కుదరదంది.

ఈ కేసు గురించి ఇంతసేపు ఎందుకు చెప్తున్నానంటే, ఇందులో ఎవరూ ఎవరినీ ‘అర్థం చేసుకోవడానికి’ ప్రయత్నించలేదు. అవసరం ఒకటి, ప్రత్యర్థి ఒకరు, గడువు ఉంది. ఇలాంటి పనిలో అవతలివాడి మతం గురించి తెలియాల్సింది దానంతటదే తెలుస్తుంది. శవానికి స్నానం చేయించే పద్ధతి మీ దగ్గర కూడా ఉందా, రాత్రంతా పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారా, శవానికి చుట్టే గుడ్డ (కఫన్) తెల్లదేనా, ఎంతమంది మోస్తారు, ఇలా. సెమినార్‌లో స్లైడ్ వేసి చెప్తే ఆవలింతలు తెప్పించే విషయాలే ఇక్కడ మనసుకు పడతాయి.

మీ ఊళ్లో కూడా శనాదివారాల్లో మరణ ధ్రువపత్రం దొరకడం, పోస్ట్‌మార్టం బదులు స్కాన్ చేయించడం, శ్మశానంలో చోటు, ఇవన్నీ ఇద్దరి సమస్యలే. ముందు అక్కడ అడగండి. అది లేకపోతే పార్కింగ్ చూడండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వచ్చేవాళ్ల కార్ల గురించీ, పండగ రోజుల్లో సినగాగ్ చుట్టూ వేసే సెక్యూరిటీ బారికేడ్ల గురించీ ఫిర్యాదులు వెళ్లేది ఒకే కౌన్సిల్ ఆఫీసుకి. ఇంత చిన్న విషయమా అనుకోకండి. పార్కింగ్ మీద మొదలైన పరిచయాలు నేను చాలా చూశాను.

ఐరోపాలో పెద్ద స్థాయిలో జరిగినవీ ఇలాంటివే. 2012లో జర్మనీలో కొలోన్ కోర్టు ఒక ముస్లిం పిల్లవాడి సున్తీ కేసులో అది శరీర గాయం కిందికి వస్తుందని తీర్పిస్తే, యూదులూ ముస్లింలూ కలిసి బెర్లిన్‌లో వీధిలోకొచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో పార్లమెంటు సున్తీని అనుమతిస్తూ చట్టం చేసింది. బెల్జియంలోని ఫ్లాండర్స్, వలోనియా ప్రాంతాల్లో జంతువుని ముందు స్పృహ తప్పించకుండా కోయకూడదన్న నిషేధం 2019లో వచ్చినప్పుడు కోషర్ (యూదుల ఆహార నియమం), హలాల్ రెండూ దెబ్బతిన్నాయి. రెండు వర్గాలూ కోర్టులకెక్కాయి. 2024 ఫిబ్రవరిలో ఐరోపా మానవ హక్కుల కోర్టులో కూడా ఓడిపోయాయి. ఓడినా, కలిసి ఓడినవాళ్లకి ఒకరి లాయర్ ఒకరికి తెలుస్తాడు.

మీకు దగ్గరగా ఉన్న నమూనా కావాలంటే లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ హిల్ చూడండి. నల్ల కోటు, టోపీ వేసుకునే హరేదీ (అతి సంప్రదాయ) యూదులు ఐరోపాలోనే అత్యధికంగా ఉన్న పేటల్లో అదొకటి. వాళ్ల మధ్యలోనే కాజెనోవ్ రోడ్డు మీద మసీదు ఉంది. రబ్బీ హెర్షెల్ గ్లక్ అక్కడి ముస్లిం పెద్దలతో కలిసి ముస్లిం–జ్యూయిష్ ఫోరమ్ మొదలుపెట్టి పాతికేళ్లు అయింది. గుర్తుంచుకోండి, ఇవి రెండూ బాగా సంప్రదాయ వర్గాలు. పరాయి ఆడవాళ్లతో మగవాళ్లు చేయి కలపరు, టీవీ మీద అనుమానం, పిల్లలు ఎక్కువ, ఇల్లు చాలదు, పైన ఇంకో గది వేసుకోవడానికి ప్లానింగ్ పర్మిషన్ కావాలి. ఆధునికులైన ఇంగ్లీషువాళ్లకి వింతగా కనిపించే ఈ జీవితం వాళ్లిద్దరికీ ఒకరిది ఒకరికి వెంటనే అర్థమవుతుంది. ఉదారవాదులే ముందు కలుస్తారన్న మన ఊహ తప్పని ఆ పేట చూస్తే తెలుస్తుంది. 2013 మేలో వూలిచ్‌లో సైనికుడు లీ రిగ్బీ హత్య జరిగి దేశంలో మసీదుల మీద దాడులు మొదలైనప్పుడు, షోమ్రిమ్ అనే అక్కడి యూదు గస్తీ దళం తమ రౌండ్లలో మసీదుని కూడా చేర్చింది. ఆ పని చెయ్యడానికి ఎవరూ కొత్తగా మీటింగ్ పెట్టుకోనక్కర్లేకపోయింది.

బ్రాడ్‌ఫర్డ్ కథ ఇంకొంచెం భిన్నం. బౌలాండ్ స్ట్రీట్‌లో 1881లో తెరిచిన సినగాగ్ ఉంది, జర్మనీ నుంచి ఉన్ని వ్యాపారానికి వచ్చిన యూదులు మూరిష్ శైలిలో కట్టించింది. చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కువమంది పాకిస్తానీ మూలాలున్నవాళ్లే. యూదులు తగ్గిపోయారు, పైకప్పు కారడం మొదలైంది, అమ్మేద్దామా అనేదాకా వచ్చింది. అప్పుడు దగ్గర్లోని మసీదు కార్యదర్శి, ఒక కర్రీ రెస్టారెంట్ యజమాని, ఒక బట్టల వ్యాపారి ముందుకొచ్చి డబ్బు పోగుచేశారు. తర్వాత లాటరీ వారసత్వ నిధి నుంచి లక్ష పౌండ్లకు పైగా గ్రాంటు కూడా వచ్చింది. సినగాగ్ అధ్యక్షుడు రూడీ లీవర్ 1937లో పిల్లవాడిగా బెర్లిన్ నుంచి తప్పించుకొచ్చిన మనిషి, 2021లో పోయారు. ఈ కథ పత్రికల్లో ‘ముస్లింలు సినగాగ్‌ని కాపాడారు’ అని వచ్చింది. నిజమే. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది ఎక్కువ నచ్చింది: సినగాగ్ నిర్వాహక కమిటీలోకే ఒక ముస్లింని తీసుకున్నారు. ఇక లెక్కలు చూడటం, బాయిలర్ పాడైతే ఎవరిని పిలవాలో ఆలోచించడం అతనికీ వచ్చింది. సాయం చేసేవాడు, పొందేవాడు అనే తేడా అక్కడ పోతుంది.

ఆ తేడా దగ్గర కొంచెం ఆగాలి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు, వేరు వేరు వర్గాల మనుషులు ఊరికే కలిస్తే పూర్వాభిప్రాయాలు పోవు, సమాన హోదాలో, ఒకే లక్ష్యం కోసం, పెద్దల మద్దతుతో కలిసి పనిచేస్తే తగ్గుతాయి అని. 2006లో అయిదు వందలకు పైగా పరిశోధనలను కలిపి చూసినప్పుడు కూడా పరిచయం మేలే చేస్తుందని తేలింది. మన పనిలో చిక్కంతా ‘సమాన హోదా’ దగ్గరే. 2021 జనగణన ప్రకారం ఇంగ్లాండ్, వేల్స్‌లో యూదులు సుమారు 2.7 లక్షలు, ముస్లింలు సుమారు 39 లక్షలు. లెక్క చూస్తే యూదుల సంఖ్య బాగా తక్కువ. వాళ్ల పిల్లలు బడికి వెళ్లేది గేటు దగ్గర కాపలావాళ్లని దాటుకుని. అదే సమయంలో వాళ్ల సంస్థలు పాతవి, కౌన్సిల్‌తో ఎలా మాట్లాడాలో వాళ్లకి తెలుసు, లాయర్లున్నారు. మసీదు కమిటీలో పగలంతా టాక్సీ నడిపి రాత్రి మినిట్స్ రాసే మనిషి ఉండొచ్చు. ఇద్దరూ తామే బలహీనులమనుకుంటారు, ఇద్దరికీ దానికి కారణాలున్నాయి. మీరు అజెండా తయారుచేసేటప్పుడు ఒక వైపు డ్రాఫ్ట్ వచ్చాక రెండో వైపుకి ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని పంపకండి. ఇద్దరినీ కూర్చోబెట్టి ఖాళీ కాగితం మీదే మొదలుపెట్టండి.

ఈ బలాబలాల తేడానే మేలుగా వాడుకున్న సందర్భం కూడా ఒకటుంది. యూదుల మీద దాడులను నమోదు చేసి, సినగాగ్‌లకు రక్షణ చూసే కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ అనే సంస్థ 1994 నుంచి ఉంది. 2012లో ముస్లింల మీద దాడులు నమోదు చెయ్యడానికి టెల్ మామా అనే సంస్థ మొదలైనప్పుడు ఆ పని ఎలా చెయ్యాలో ఈ ట్రస్ట్ నేర్పింది. మీ పేటలో ఇప్పుడు భయం ఎక్కువగా ఉంది కాబట్టి ఇది పనికొచ్చే దారి. మసీదు వాలంటీర్లూ సినగాగ్ వాలంటీర్లూ కలిసి ఒక ఆదివారం గేటు దగ్గర నిలబడటం ఎలా, అనుమానాస్పదమైన ఉత్తరం వస్తే ఏం చెయ్యాలి అన్న ట్రైనింగ్ తీసుకోమనండి. స్థానిక పోలీసులని అడిగితే చేస్తారు.

ఇక ఇజ్రాయెల్–పాలస్తీనా. ఎత్తకూడదు అనేవాళ్లున్నారు, మొదటే తేల్చుకోవాలి అనేవాళ్లున్నారు. నా అభిప్రాయం: మొదటి రోజుల్లో అది మీ అజెండా కాకూడదు. కానీ వార్త వచ్చిన రోజు మనం ఏం చేస్తాం అన్నది మాత్రం మొదటి రోజుల్లోనే రాసుకోవాలి. నేను చూసిన గ్రూపుల్లో 2023లో కూలిపోయినవి ఎక్కువగా ఈ ఒప్పందం లేనివే. ఆ కాగితం మీద పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. ఏదైనా జరిగితే ఒక రోజులోపు రెండు వైపుల నుంచి ఇద్దరు ఫోన్‌లో మాట్లాడుకోవాలి. అవతలివాళ్ల గురించి పత్రికా ప్రకటన ఇచ్చే ముందు వాళ్లకి చెప్పాలి. మీటింగ్ వాయిదా వెయ్యొచ్చు, రద్దు చెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ‘ముందు మీరు ఖండించండి, తర్వాత మాట్లాడదాం’ అని ఎవరూ ఎవరినీ అడగకూడదు. పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మిర్‌పూర్ నుంచి వచ్చి చీటమ్ హిల్‌లో కొట్టు పెట్టుకున్న పెద్దాయన హమాస్ తరఫున జవాబుదారీ కాడు. ప్రెస్ట్‌విచ్‌లో పళ్ల డాక్టర్ నెతన్యాహు ప్రతినిధి కాదు. అలాగని వాళ్లకి ఆ విషయంతో సంబంధం లేదని నటించడమూ అబద్ధమే. ఆ డాక్టర్ అక్క టెల్ అవీవ్‌లో బంకర్‌లో ఉండి ఉండొచ్చు. ఆ పెద్దాయన గాజా పిల్లల వీడియోలు చూసి రాత్రి నిద్రపోయి ఉండకపోవచ్చు.

ఒక ఏడాది పనిచేశాక, నమ్మకం కుదిరాక, ఆ సంభాషణ కూడా పెట్టుకోవచ్చు. దానికి మాత్రం చర్చ నడపడంలో తర్ఫీదు ఉన్న ఇద్దరు ఫెసిలిటేటర్లు కావాలి, ఒక్కో వైపు నుంచి ఒకరు. జెరూసలేం, టెల్ అవీవ్‌ల మధ్య నెవే షాలోమ్–వాహత్ అల్ సలామ్ అనే ఊరుంది, యూదులూ పాలస్తీనా అరబ్బులూ కావాలని కలిసి ఉంటున్న ఊరు. అక్కడ 1979 నుంచి నడుస్తున్న శాంతి పాఠశాలలో ఒక పద్ధతి ఉంది. ఉమ్మడి సమావేశాలతోపాటు ఎవరి వర్గం వాళ్లు విడిగా కూర్చునే సమావేశాలూ ఉంటాయి. ఇది చాలామందికి నచ్చదు, విడదీస్తున్నట్టు ఉంటుందంటారు. కానీ ఉమ్మడి గదిలో అనలేని మాటలు, ముఖ్యంగా తమవాళ్ల మీద తమకున్న కోపం, ఆ విడి గదిలోనే బయటికొస్తాయి. మీరు అంత దూరం వెళ్తే ఇది తప్పక పెట్టండి.

ఫొటోల సంగతి. మొదటి ఆరు నెలలు వద్దు. బయటివాళ్ల కంటే ఎక్కువగా సొంతవాళ్ల నుంచే వాళ్లకి టెన్షన్. మసీదు కమిటీ మనిషి రబ్బీతో నవ్వుతూ ఉన్న ఫొటో వాట్సాప్‌లో తిరిగితే శుక్రవారం నమాజు తర్వాత ఆయన్ని నిలదీస్తారు, రబ్బీకీ శనివారం అదే గతి. ఫొటో కోసమే వచ్చే కౌన్సిలర్లు మీ దగ్గరా ఉంటారు, వాళ్లని తర్వాత పిలవండి. పైస్థాయి ఒప్పందాలను నేను తీసిపారెయ్యను. 2025లో బ్రిటన్ యూదు, ముస్లిం పెద్దలు రెండు వర్గాల సయోధ్య కోసం డ్రమ్లన్‌రిగ్ ఒప్పందం మీద సంతకాలు చేసి రాజుకి కూడా అందజేశారు. మీటింగ్‌కి రావడానికి జంకే ఇమామ్‌కి చూపించడానికి అది పనికొస్తుంది. అంతకుమించి దాని మీద ఆధారపడకండి. మీ ప్రాంతంలో 2005లో మొదలైన ముస్లిం–యూదు ఫోరమ్ ఒకటుంది, గ్రేటర్ మాంచెస్టర్ మొత్తానికి. మీరు ఒంటరిగా కొత్తది పెట్టే ముందు వాళ్లతో మాట్లాడండి. యూదు, ముస్లిం ఆడవాళ్ల కోసం మొదలైన నిసా–నషీమ్ అనే బృందం నమూనా కూడా చూడండి. మగవాళ్ల కమిటీలు అలిగి మాట్లాడుకోవడం మానేసిన రోజుల్లో కూడా స్కూల్ గేటు దగ్గర తల్లుల స్నేహాలు నిలబడటం నేను చూశాను.

హిందువులమైన మనం ఇందులోకి రావచ్చా? రావచ్చు. మొదటి ఉత్తరం మూడో మనిషి రాస్తే, తామే ముందు తగ్గామన్న చిన్నతనం ఎవరికీ ఉండదు. కానీ మీరు తటస్థులని మీరు అనుకుంటే చాలదు. 2022లో లెస్టర్‌లో హిందువులకీ ముస్లింలకీ జరిగిన గొడవలు ఇక్కడి ముస్లింలు మర్చిపోలేదు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇజ్రాయెల్ మీద వచ్చే ఫార్వర్డులు ఒకసారి చూడండి. యూదుల మీద ప్రేమతో వచ్చేవి తక్కువ, ముస్లింల మీద కసితో వచ్చేవి ఎక్కువ. ఇంకో పక్క పాలస్తీనా కోసం కన్నీళ్లు పెడుతూ యూదులందరినీ ఒకే గాటన కట్టే మిత్రులూ ఉన్నారు. మీ సంఘం గ్రూపులో అలాంటివి పడి ఉంటే, ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి మసీదుకో సినగాగ్‌కో పంపుతారు. ముందు ఆ ఇల్లు సర్దుకోండి. ఇంకోటి, ‘మా దేశంలో కూడా ఇంతే’ అని భారత్–పాకిస్తాన్ పోలిక తేకండి. వింటున్నవాళ్లలో సగంమంది పాకిస్తాన్ మూలాలవాళ్లు.

మన దేశం ఉదాహరణ అడిగారు కాబట్టి చెప్తాను. కోల్‌కతాలో 1884లో కట్టిన మాగెన్ డేవిడ్ సినగాగ్‌ని తరతరాలుగా చూసుకుంటున్నది ముస్లిం కుటుంబాలే. అక్కడి యూదు బాలికల పాఠశాలలో ఇప్పుడు చదివేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం పిల్లలు. ముంబై బైకుల్లాలో డేవిడ్ ససూన్ 1860లలో కట్టించిన సినగాగ్ చుట్టూ ఉన్నదీ ముస్లిం జనాభానే. కొచ్చి మట్టంచేరిలో 2019లో 96 ఏళ్లకు పోయిన సారా కోహెన్ గారి ఎంబ్రాయిడరీ కొట్టుని, ఆవిడని చివరిదాకా చూసుకున్నది ఒక ముస్లిం. ఇవి అందమైన నిజాలు. కానీ మాంచెస్టర్‌కి వీటిని నమూనాగా పట్టుకెళ్లలేం. కోల్‌కతాలో యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు, కాపలా ఉద్యోగం ఉద్యోగమే, సమాన హోదా కాదు. మన గుంటూరు దగ్గర చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ అనే దళిత కుటుంబాలున్నాయి, తెలుగు మాట్లాడతారు, సినగాగ్ కట్టుకున్నారు. మీరు తెలుగువారని తెలిస్తే సినగాగ్‌లో ఎవరో ఒకరు దీని గురించి అడిగినా అడుగుతారు, తెలుసుకుని ఉండటం మంచిది. అంతవరకే దీని ఉపయోగం.

చివరిగా హాల్. మీ తెలుగు సంఘం హాల్ గుడికి అనుబంధంగా ఉన్నా, లోపల విగ్రహాలున్నా వద్దు. పద్ధతి పాటించే యూదులు అక్కడికి రావడానికి ఇబ్బంది పడతారు, ముస్లింలలోనూ కొందరు. పైకి చెప్పరు, రావడం మానేస్తారు. లైబ్రరీలో పైగది కానీ స్కూల్ హాల్ కానీ తీసుకోండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదుల సబ్బాతు (విశ్రాంతి దినం), డిసెంబర్‌లో మీ ఊళ్లో నాలుగు కాకముందే మొదలైపోతుంది. మంగళవారం, బుధవారం సాయంత్రాలు ఇద్దరికీ కుదురుతాయి. నమాజు వేళ, దానికి ఒక పక్క గది ముందే చూసుకోండి. సెప్టెంబర్–అక్టోబర్‌లో యూదుల పండగలు వరసగా వస్తాయి, రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, రెండు క్యాలెండర్లూ దగ్గర పెట్టుకోండి. చేయి చాచే ముందు అవతలివాళ్లు చాచేదాకా ఆగండి. తిండి విషయంలో, శాకాహారమే కదా అని ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్తే నిష్ఠగలవాళ్లు ముట్టరు, మన గిన్నెలు కోషర్ కావు, నొచ్చుకోవద్దు. కోయని పండ్లు, సీల్ తియ్యని నీళ్ల సీసాలు, కాగితపు ప్లేట్లు చాలు. జ్యూస్ పెడితే ద్రాక్ష రసం మానెయ్యండి, దానికి కోషర్ నియమాలు వేరే ఉన్నాయి. మొదటి ఉత్తరం మీ సంఘం లెటర్‌హెడ్ మీద, ఒకే రోజు, ఒకే మాటలతో ఇద్దరికీ పంపండి. ఖనన పత్రాల విషయమో పార్కింగో, పట్టుకున్న పని ఏదో అందులో మొదటి వాక్యంలోనే రాయండి.